నెర్రెల మన్నే పగులు ఆపేనా?

వికారాబాద్ నుంచి తాండూరు పోతుంటే నేల రంగు మారడం బస్సు కిటికీలోంచే తెలుస్తుంది. అనంతగిరి చుట్టూ ఎర్రమట్టి. తాండూరు దగ్గరపడేసరికి నల్లరేగడి. అక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మొన్న ఏప్రిల్‌లో ఆ దారిలో దిగి చూశాను. కంది కోసిన చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు. రోడ్డు అంచున కూడా పొడుగ్గా ఒక పగులు. పది రూపాయల బిళ్ల నిలబెట్టి వదిలితే సగం దాకా దిగింది. పక్కనే బండల లారీలు, సిమెంటు లారీలు. పగుళ్లు పూడుస్తున్న మేస్త్రి అన్నాడు: "పైన ఎంత డాంబర్ పోస్తే ఏంది సార్, కింద మన్ను ఊకుంటదా?"

ఊకోదు. రేగడిలో మాంట్‌మోరిలొనైట్ అనే బంకమన్ను ఉంటుంది. విస్తరాకుల కట్టలాంటి పొరలు, ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు. వానకు నీళ్లు పొరల నడుమ చేరి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. రోడ్డు అంచు విరిగేది అందుకే.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతేమిటంటే, డాంబర్‌ను గట్టిపరచడానికి ప్రయోగశాలల్లో కలిపి చూస్తున్న నానోక్లే కూడా ఈ జాతి మన్నే. శుద్ధి చేసి, నూనెతో కలిసేలా మార్చి, బరువులో 2 నుంచి 5 శాతం దాకా కలుపుతారు. అప్పుడు పొరల నడుమకు నీటికి బదులు డాంబర్ చేరుతుంది. గాలి లోపలికి పోవాలంటే ఆ పొరలన్నీ చుట్టుకుని పోవాలి; అందుకే గాలికి డాంబర్ జిగి త్వరగా చావదు. ఎండలకు చక్రాల గాళ్లు పడటమూ తగ్గుతుంది. మోతాదు మించితే మాత్రం పెళుసై, పగుళ్లు పెరుగుతాయి. పొడి ఉండలు కట్టకుండా కలపడమూ తేలిక కాదు. రోడ్డు పక్కన కడ్డీతో తిప్పితే అయ్యే పని కాదది.

అయినా ఆ దారికి ముందు కావలసింది కింది వైద్యమని నా గట్టి నమ్మకం. రేగడిలో 3 నుంచి 5 శాతం సున్నం కలిపితే ఉబ్బు తగ్గుతుంది. సున్నానికి కరువా? తాండూరు బండంటేనే సున్నపురాయి. పక్కన నీళ్లు పోయే కాలువ ఒకటి తవ్వాలి. ఆ తర్వాతే నానో.

మేస్త్రి పగుల్లో వేడి డాంబర్ పోసి, రాతిపొడి చల్లి, కాలితో అదిమాడు.

"వానలు పడ్డంక మల్ల రాండ్రి సార్, ఉంటదో ఊడ్తదో సూద్దురు."