కీచుమనని బ్రేకు

కొత్త ప్యాడ్లు వేయించిన రెండో రోజే బీచ్ రోడ్డు సిగ్నల్ దగ్గర కారు కీచుమంటే, పక్క బండ్లవాళ్లంతా మనవంకే చూస్తారు. గాజువాక ఆటోనగర్‌లో మా మేస్త్రి చెయ్యిపడిన బండికి ఆ తలవంపు లేదు.

"అరుపంటే వణుకే బాబూ" అంటాడు. డిస్కు, ప్యాడ్ల రాపిడిలో పుట్టే ఆ వణుకును ముందే అణచడం అతని విద్య. మామూలుగా అరగంట పనికి ఇతను గంటన్నర తీసుకుంటాడు. సముద్రపు ఉప్పుగాలికి కాలిపర్ బ్రాకెట్‌లో పేరుకున్న తుప్పును వైరు బ్రష్షుతో గీకుతాడు, ప్యాడు వేలితో తోస్తే జరిగేదాకా. స్లైడ్ పిన్నులు తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాస్తాడు. ప్యాడు వీపున షిమ్ము మరవడు. గ్రీజు చేత్తో ప్యాడు ముఖం ముట్టుకున్న కుర్రాడికి మాత్రం చీవాట్లే.

తర్వాత ఖాళీ రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, 8–10 సార్లు బ్రేకు తొక్కుతాడు. ప్యాడు పొర డిస్కుకి సమంగా పట్టాలి మరి. ఆపైన కాసేపు తొక్కకుండా తిప్పి చల్లారనిస్తాడు. టీ అప్పుడే.

(పొద్దున్నే మంచు తడికి ఒకటి రెండుసార్లు కీచుమంటే అది జబ్బు కాదు.)

మొన్న సింహాచలం ఘాట్ దిగుతుంటే నాకు వినిపించింది టైర్ల చప్పుడొక్కటే.