చుక్క జాడ
1996లోనే తయారీ ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్ 100 న్యాల్‌కల్ లాంటి ఊళ్లో ఇంకా ఒక్క కిక్కుకే లేస్తుందంటే, ఆ పుణ్యం ఇంటి ముందు గోనెసంచి పరుచుకుని కూర్చునే మెకానిక్కుల చేతులది. పెట్రోలు కారుతోందంటే వెంటనే స్పానర్ పట్టరు. పొడిగుడ్డతో అంతా తుడిచి, ఊరికే చూస్తూ కూర్చుంటారు. తడి ఎక్కడ మొదలైతే రోగం అక్కడ. కార్బురేటర్ గిన్నె విప్పితే లోపల ఫ్లోటు, దాని మీద చిన్న సూది. ఆ సూది మొన కాస్త అరిగినా, నలుసు చిక్కినా పెట్రోలు ఆగక పొర్లుతుంది. ఆ అరుగుదలను గోటితో తడిమి పట్టేస్తారు! ట్యాంకుకే సన్నని బెజ్జం పడితే బట్టల సబ్బు అరగదీసి గట్టిగా అదుముతారు. సబ్బు పెట్రోల్లో కరగదు మరి. జహీరాబాద్‌లో అతుకు వేయించేదాకా ఆ పూత చాలు. బీడీ వెలిగించుకున్న పెద్దమనిషిని మాత్రం, మామైనా సరే, వాకిలి అవతలే నిలబెడతారు.