చొక్కా రంగేమిటి?

దొంగతనం జరిగిన దుకాణానికి పోలీసులొచ్చి ఫుటేజీ వేసి చూస్తారు. ముందుగా అడిగే మాటల్లో ఒకటి: "వాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" తెర మీద చొక్కా తెల్లగా మెరిసిపోతూ ఉంటుంది. ఎదుటి అరుగు మీద పడుకున్న వాచ్‌మన్ మాత్రం నల్ల చొక్కా అంటాడు, ఒట్టు పెట్టి మరీ. నిద్రమత్తులో ఏదో చూసి ఉంటాడులే అని అందరూ కెమెరా మాటే నమ్ముతారు. నేనైతే వాచ్‌మన్‌ని నమ్ముతాను.

కెమెరాలో ఉండే సిలికాన్ సెన్సార్‌కి మన కంటికి ఆనని పరారుణ కాంతి కూడా ఆనుతుంది. పగలు అది లోపలికొస్తే రంగులు పాడవుతాయి కాబట్టి లెన్సు వెనక ఓ చిన్న ఫిల్టర్ అడ్డం పెడతారు. చీకటి పడగానే ఆ ఫిల్టర్ పక్కకి జరుగుతుంది. మాటామంతీ లేని గదిలో టిక్కుమని వినబడేది ఆ చప్పుడే. ఆ వెంటనే లెన్సు చుట్టూ ఐఆర్ ఎల్ఈడీలు వెలుగుతాయి. 850 నానోమీటర్లవైతే దగ్గరగా చూస్తే సన్నగా ఎర్రబారి కనిపిస్తాయి, 940వి అసలు కనిపించవు. ఆ వెలుతురులో బట్టకి అద్దిన రంగుకి విలువ లేదు. చాలా నల్ల అద్దకాలు, పాలిస్టర్ మీద వేసేవి మరీనూ, పరారుణాన్ని పీల్చుకోవు. వచ్చిన కాంతి వచ్చినట్టే వెనక్కి పోతుంది, నల్ల చొక్కా తెల్లబడుతుంది. మెరూన్ చీరా నిమ్మపండు రంగు చీరా రెండూ ఒకే బూడిదలోకి దిగిపోతాయి. వాకిట్లో తులసికోట ఉంటే ఆకులన్నీ తెల్లగా వస్తాయి. అలాంటి ఫుటేజీ చూసి 'తెల్ల చొక్కా వ్యక్తి' అని రాసుకున్నారంటే వెతుకులాట దారి తప్పినట్టే.

మరి రాత్రి కూడా రంగే ఉంచొచ్చుగా అంటారు. ఉంచొచ్చు, కానీ రంగుకి ఖర్చెక్కువ. సెన్సార్‌కి తనంతట తానుగా రంగు తెలియదు, వెలుతురు ఎంత పడిందో మాత్రమే తెలుసు. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన పద్ధతినే ఇవాళ్టికీ దాదాపు అన్ని కెమెరాలూ వాడుతున్నాయి. ప్రతి నాలుగు గళ్లలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం అద్దాలు తొడుగుతారు. ఏ అద్దమైనా తన రంగుని రానిచ్చి మిగతాది ఆపేస్తుంది. అంటే అసలే అరకొరగా ఉన్న వెలుతురులో పెద్ద వాటా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పరారుణాన్ని మాత్రం ఆ మూడు అద్దాలూ ఇంచుమించు ఒకేలా వదిలేస్తాయి. అందుకే ఐఆర్‌లో ఏది ఎరుపో ఏది నీలమో తేల్చే దారి ఉండదు. ఈ విషయంలో కెమెరాని తిట్టే హక్కు మనకీ లేదు. బాగా చీకటి పడ్డాక మన కళ్లు కూడా రంగు చూడటం మానేస్తాయి. పెరట్లో ఎర్ర మందారం రాత్రి నల్లగానే కనిపిస్తుంది, రంగు మనకి ముందే తెలుసు కాబట్టి ఎర్రగా చూశామనుకుంటాం.

నేను ఈ కెమెరాలు బిగించే పనిలోకి స్టూడియో ఫోటోగ్రఫీ నుంచి వచ్చాను. పెళ్లిళ్లలో తెల్లవారుజాము ముహూర్తాలకి ఫోటోలు తీసినవాణ్ణి కాబట్టి చీకటితో నాకు పాత పరిచయమే. చీకటి గదిలో కెమెరా చేయగలిగింది మూడే: లెన్సు నోరు పెద్దది చేసుకోవాలి, షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, లేదా గెయిన్ పెంచుకోవాలి. మొదటిది నిఖార్సైన మార్గం. ఎఫ్ 2.0 లెన్సు కన్నా ఎఫ్ 1.0 లెన్సులోకి నాలుగు రెట్లు వెలుతురొస్తుంది. కాకపోతే ఫోకస్ పట్టే లోతు తగ్గుతుంది, బిగించేటప్పుడు కాస్త ఓపిక కావాలి. మూడోది గెయిన్. రేడియోలో స్టేషన్ సరిగ్గా దొరక్క వాల్యూమ్ పెంచితే పాటతోపాటు గరగర కూడా పెరుగుతుందే, ఇదీ అంతే. బొమ్మంతా చుక్కలు చుక్కలవుతుంది. ఆ చుక్కలు క్షణక్షణం కదులుతుంటాయి కాబట్టి రికార్డింగ్ సైజూ ఉబ్బుతుంది. జనం వచ్చిపోయే చోట్ల 30 రోజుల ఫుటేజీ దాచాలని మన 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం చెబుతుంది. చీకటి గదిలో గెయిన్ వదిలేస్తే ఆ హార్డ్ డిస్క్ నెల తిరక్కుండానే నిండి పాతది చెరిపేసుకుంటుంది.

అసలు మోసం జరిగేది షట్టర్ దగ్గర. సెకనులో పాతికో వంతు దాకా ఫరవాలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైట్ల మినుకు కూడా దాంతో కుదురుతుంది. సెకనులో మూడో వంతో నాలుగో వంతో తెరిచి ఉంచితే మాత్రం ఖాళీ గది చూడ ముచ్చటగా వస్తుంది. బీరువా రంగు, గోడ మీద క్యాలెండర్, స్టూలు మీద ప్లాస్టిక్ బిందె, అన్నీ ఉన్నవున్నట్టే. యజమాని ఫోన్‌లో చూసుకుని "ఎంత క్లియర్‌గా ఉందండీ!" అని మురిసిపోతాడు. అప్పుడు నాతో వచ్చిన కుర్రాణ్ణి పిలిచి, "ఒరే, ఈ మూల నుంచి ఆ మూలకి మామూలుగా నడువు" అంటాను. క్యాలెండర్ మీది తేదీలు చదవగలుగుతున్న అదే తెర మీద కుర్రాడి మొహం సాగిపోయి, చేతులు పొగలా జాడలు వదులుతాయి. నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ ఈ పాపంలో సగం మోస్తుంది. అది ముందు ఫ్రేమునీ ఇప్పటి ఫ్రేమునీ కలిపి చుక్కలు తుడుస్తుంది, మధ్యలో కదిలిన మనిషినీ కాస్త తుడిచేస్తుంది. కదలని బీరువా ఫోటో ఎవరికి కావాలి?

డబ్బా మీద ఉండే 0.0005 లక్స్ లాంటి అంకెల్ని నేను లెక్కలోకి తీసుకోను. ఏ షట్టర్‌తో, ఎంత గెయిన్‌తో కొలిచారో చెప్పని అంకె అది. మెగాపిక్సెళ్ల మోజూ ఇలాంటిదే. సెన్సార్ సైజు మారకుండా ఎనిమిది మెగాపిక్సెళ్లు ఇరికిస్తే ఒక్కో గడీ చిన్నదై దానిమీద పడే వెలుతురు తగ్గుతుంది. చీకటి గదికి నాలుగు మెగాపిక్సెళ్ల పెద్ద సెన్సారే మేలు. సోనీ స్టార్విస్ లాంటి వెనక నుంచి వెలుతురు తీసుకునే సెన్సార్లు వచ్చాక పని చాలా తేలికైన మాట నిజమే. లేని వెలుతురుని మాత్రం అవీ పుట్టించలేవు.

ఆ మధ్య ఓ పల్లెటూరి రామాలయంలో హుండీ మీదికి కెమెరా పెట్టాల్సి వచ్చింది. కమిటీవాళ్లకి రంగు కావాలి. గుడి తలుపులు మూశాక అక్కడ మిగిలేది గర్భాలయం ముందు వెలిగే ఒక్క దీపం. కొవ్వొత్తంత మంట మీటరు దూరంలో ఒక్క లక్స్ వెలుగిస్తుంది. మూడు మీటర్ల దూరానికి జరిగితే అందులో తొమ్మిదో వంతే మిగులుతుంది. హుండీ అంతకన్నా దూరంలో ఉంది. పైగా దీపం వెలుగులో ఎరుపూ పసుపే తప్ప నీలం దాదాపు ఉండదు. కెమెరా ఆ లోటు పూడ్చుకోబోయి నీలాన్ని లాగుతుంది, బొమ్మ మీద ఆ చుక్కలే ముసురుకుంటాయి. నీలం లుంగీ, ఆకుపచ్చ లుంగీ రెండూ నల్లగా వస్తాయి.

"అయ్యగారూ, ఇక్కడో చిన్న లైటు వెయ్యాలండీ" అన్నాను.

"స్వామి ఎదుట తెల్ల లైటు వద్దు నాయనా. దీపం ఉన్నచోట దీపమే కనబడాలి" అన్నారాయన.

ఆ మాట నాకు సబబుగానే తోచింది. ముఖమండపం దూలం వెనక, గర్భాలయం వైపు వెలుగు పడకుండా రేకు అడ్డం పెట్టి, హుండీ మీదికి మాత్రమే దిగేలా మూడు వాట్ల పసుపు ఎల్ఈడీ బిగించాం. కెమెరాని పై మూల నుంచి దించి దగ్గరి స్తంభానికి తెచ్చాం. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకుండా ఆ బల్బుకి సరిపడా కట్టేశాం. ఇప్పుడు మనిషి నడిచినా మొహం నిలుస్తోంది, కండువా ఎరుపో కాషాయమో తేడా తెలుస్తోంది. ముదురు నీలానికీ నలుపుకీ ఇంకా తికమకే. ఆ సంగతి కమిటీవాళ్లకి ముందే చెప్పాను.

అన్నిచోట్లా రంగు కోసం పట్టుబట్టడం నాకు నచ్చదు. మంచం పట్టిన పెద్దవాళ్ల గదిలో రాత్రంతా లైటు వేసి ఉంచడం అన్యాయం, అక్కడ ఐఆర్ చాలు. మనిషి కదిలినప్పుడే తనకు తాను తెల్ల లైటు వేసే కెమెరాలు వస్తున్నాయి. ఆలోచన మంచిదే కానీ, లైటు వెలిగిన ఆ మొదటి క్షణంలో మొహం తెల్లగా పేలిపోతుంది. దొంగ ఆ క్షణంలోనే తలెత్తి చూసి, తర్వాత తల దించుకుంటాడు. అంతకన్నా రాత్రి పొడుగునా వెలిగే చిన్న బల్బు నయం. మా చిన్నప్పటి జీరో బల్బు పేరుకే జీరో, పది పదిహేను వాట్లు తాగేది. ఇప్పటి అరవాటు ఎల్ఈడీ గుమ్మం దగ్గర తలెత్తు కన్నా కాస్త పైన పెడితే, లోపలికొచ్చేవాడి మొహం మీదికి కెమెరాకి సరిపడా వెలుగొస్తుంది.

అందుకే నా కొటేషన్లో మొదటి వరుసలో బల్బు, హోల్డరు, వైరు రాస్తాను, కెమెరా రెండో వరుసలో వస్తుంది. బేరం మొదలవగానే యజమాని పెన్ను తీసి ముందు కొట్టేసేది ఆ మొదటి వరుసనే.