దూరం అడిగి పుచ్చుకోవాలా?

పిల్లల ఫుట్‌బాల్‌లో తరచూ కనిపించి ఈ వారమూ చిరాకు పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒకడు ఫౌల్ చేస్తాడు, రెఫరీ ఈల వేస్తాడు. అవతలి జట్టువాడు బంతిని నేల మీద పెట్టేలోగా ఫౌల్ చేసినవాడే వచ్చి దానికి రెండడుగుల దూరంలో నిలబడతాడు. గట్టు మీంచి అతని కోచ్ ‘అక్కడే ఉండు, కదలకు’ అని అరుస్తాడు. కిక్ కొట్టాల్సిన పిల్లవాడు దిక్కుతోచక రెఫరీ వంక చూస్తే, ‘దూరం కావాలా?’ అని అడుగుతాడు రెఫరీ. అక్కడ అడగాల్సిన పని లేదు. ఫుట్‌బాల్ నియమావళిలోని 13వ నియమం ప్రకారం ఎదుటి జట్టువాళ్లు బంతికి 9.15 మీటర్ల దూరంలో, అంటే పది గజాల అవతల ఉండాలి. తమ గోల్ స్తంభాల మధ్య, గీత మీద నిలబడినప్పుడే మినహాయింపు. ఎవరో అడిగితేనే వెనక్కి జరగాలని ఆ నియమంలో ఎక్కడా లేదు. పైగా పిల్లవాడు ‘కావాలి’ అన్నాడంటే, ఈల వేసేదాకా ఆగమంటాడు రెఫరీ. ఈలోగా ఎదుటి జట్టు తీరిగ్గా ఆటగాళ్లతో గోడ కట్టుకుంటుంది. నిలబడినవాడికి కావాల్సిందీ అదే. తప్పు చేసినవాడికి లాభం మిగలకూడదన్నది ఈ కాలమ్ పాత పాటే. ఇక్కడ లాభం రెండుసార్లు దక్కుతోంది: ఫౌల్‌తో ఒకసారి, జాప్యంతో ఇంకోసారి.

త్వరగా కొట్టేయడం క్రీడాస్ఫూర్తి కాదనే వాళ్లున్నారు. 2023 మార్చి 3న బెంగళూరులో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) నాకౌట్ మ్యాచ్ తర్వాత ఆ వాదన గట్టిగా వినిపించింది. 96వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ గోడ సర్దుకోకముందే సునీల్ ఛెత్రీ ఫ్రీకిక్ కొట్టి గోల్ చేశాడు. బ్లాస్టర్స్ కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ తన జట్టును మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు. ఆ పనికి క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం పడ్డాయి. గోల్ మాత్రం నిలిచింది. 2004 డిసెంబరులో చెల్సీ మీద ఆర్సెనల్ ఆటగాడు తియెరీ ఆన్రీ కొట్టిన గోలూ ఇలాంటిదే. గోల్‌కీపర్ పీటర్ చెక్ స్తంభం పక్కన నిలబడి గోడ సర్దుతుండగానే, రెఫరీ గ్రాహం పోల్ అనుమతితో ఆన్రీ బంతిని వలలోకి పంపాడు. గోడ కట్టుకోవడానికి సమయం ఇవ్వాలని నియమాల్లో లేదు. ఫౌల్ చేసిన జట్టు సిద్ధపడేదాకా ఫౌల్‌కు గురైన జట్టు ఆగాలనడం ఏ స్ఫూర్తి?

ఇంతవరకూ వస్తే తేలే పరిష్కారం ఒకటే అనిపిస్తుంది: రెఫరీ నోరు మెదపకుండా, అడ్డం నిలబడినవాడికి నేరుగా పసుపు కార్డు చూపాలి. పదహారేళ్లు దాటినవాళ్ల విషయంలో నా మాట అదే. పదేళ్లవాళ్ల దగ్గర మాత్రం ఆ తర్కం చెల్లదు. వాడు అడ్డం నిలబడింది తన తెలివితో కాదు, కోచ్ చెప్పాడని. కార్డు చూపితే పెద్దవాడి మాట విన్నందుకు పిల్లవాడు శిక్ష అనుభవిస్తాడు. పైగా ఆ దూరంలో కొట్టిన బంతి నేరుగా ముఖానికి తగలొచ్చు. కాబట్టి చిన్నపిల్లల ఆటలో రెఫరీ మాట్లాడాల్సిందే, మామూలు కంటే ఎక్కువే మాట్లాడాలి. ఆ మాట ఎవరితో అన్నదే అసలు సంగతి. ఫౌల్‌కు గురైనవాడిని ప్రశ్నలడగడం మానేసి, చేసినవాడికి ‘వెనక్కి జరుగు’ అని ఆజ్ఞ ఇవ్వాలి. ఈల కోసం ఆగాల్సిన సందర్భమైతే, ఈలను చేత్తో పైకెత్తి ఇద్దరికీ చూపి చెప్పాలి. ఆన్రీలాంటి ఆటగాడికి ‘ఈల కావాలా, ఇప్పుడే కొడతావా’ అన్న ప్రశ్నలో ఏం దక్కుతుందో, ఏం పోతుందో తెలుసు. పదేళ్లవాడికి అది పరీక్షలో అడిగిన ప్రశ్నలా వినిపిస్తుంది.

రెఫరీ పని ఆడించడమే తప్ప నేర్పడం కాదనీ, నోరు విప్పితే పక్షపాతమవుతుందనీ అనొచ్చు. ఎవడో ఒక్కడికే సలహా చెబితే పక్షపాతమే. మ్యాచ్‌కు ముందు ఇద్దరు కెప్టెన్లనూ ఇద్దరు కోచ్‌లనూ పిలిచి ‘ఫౌల్ అయితే అడక్కుండానే వెనక్కి జరగండి, ఆలస్యం చేస్తే ఒక్కసారే హెచ్చరిస్తాను’ అంటే అది ఎవరి పక్షం? పిల్లల ఆటల కోసం మైదానం కొలతలు, ఆట సమయం తగ్గించుకోవచ్చని నియమాలే ఒప్పుకుంటున్నాయి. అలాంటప్పుడు నాలుగు మాటలు అదనంగా చెబితే ఆట పాడైపోదు. చాలాచోట్ల ఈ మ్యాచ్‌లకు ఈల పట్టేది టీనేజీ కుర్రవాళ్లే. గట్టు మీంచి అరిచే నలభై ఏళ్ల కోచ్‌ను అదుపు చేసే భారం ఆ కుర్రవాడి మీద వేయడం అన్యాయం. కోచ్‌లకు నా విన్నపం ఒకటే: బంతి ముందు నిలబడమని నేర్పడం ఈ సీజన్ నుంచే మానండి. ఈల వినగానే పది గజాలు వెనక్కి పరుగెత్తి, అక్కడ గోడ కట్టడం నేర్పండి.