బొబ్బిలి కథయు పాఠశాలలలో ఆధార విమర్శనమును

పాఠశాలలలో చరిత్ర బోధించు రీతి గడచిన రెండు దశాబ్దులలో కొంత మాఱినది. పేళ్లను తేదీలను వల్లె వేయించుట విద్య కాదని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ప్రకటించిన తరువాత, పాఠ్యగ్రంథములలో శాసనఖండములు, యాత్రికుల వ్రాతలు, ఉత్తరములు, పాటలు విరివిగా చోటు చేసికొన్నవి. ఒక సంగతి నమ్మదగినదా కాదా యని పదునాలుగేండ్ల బాలుని అడుగుట మెచ్చదగిన పని. కాని యట్లు అడిగినపిమ్మట ఉపాధ్యాయులు సాధారణముగా చూపుచున్న మార్గము మాత్రము విచారింపదగియున్నది. ఆధారము ప్రాథమికమా, ద్వితీయమా? వ్రాసినవాడు ఆ కాలపువాడా? గద్యమా, పద్యమా? ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసి, పలకపై రెండు గళ్లు గీచి, ఒకదానిలో నమ్మదగినవి, రెండవదానిలో నమ్మరానివి పంచిపెట్టినచో పాఠము ముగిసినట్లే. కవిత్వమనగా అతిశయోక్తి, దొరగారి వ్రాత యనగా సత్యము అను పాతకాలపు నమ్మిక యీ రెండు గళ్లలో క్రొత్త దుస్తులు ధరించి కూర్చున్నది.

ఈ పద్ధతి ఎంతవఱకు నిలుచునో చూచుటకు బొబ్బిలి యుద్ధమును మించిన పరీక్ష తెలుగువారికి లేదు. బడికి పోకమున్నే ఆ కథ తెలియని బాలుడు ఉత్తరాంధ్రమున అరుదు. అందఱును ఒప్పుకొను సంగతులు కొలదిమాత్రమే. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన, ఫ్రెంచివారి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు తోడురాగా, రంగారావు ఏలుచున్న బొబ్బిలికోటను ముట్టడించెను. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివారి వశమైనవి. పన్నులు రాబట్టుకొనుటకై బుస్సీ ఆ ప్రాంతమునకు వచ్చియుండెను. కోట పడుటకు మున్నే లోపలివారు తమ స్త్రీలను బిడ్డలను చంపుకొనిరి. పోరాడినవారు పోరాడుచునే కూలిరి. కొన్ని దినములలోనే విజయరామరాజు తన గుడారమున హతుడయ్యెను. రంగారావు కుమారుడొక్కడు బ్రదికి బయటపడెను. ఇంతకుమించి ఏ మాట యన్నను, అది ఏదో యొక ఆధారము మాట యగును.

మొదటి గడిలో పడునది రాబర్టు ఓర్మ్ వ్రాసిన హిందూస్థాన సైనిక చరిత్రము. అది ఆంగ్లగద్యము, తేదీలు గలది, ఆ తరమువాడు వ్రాసినది. విశాఖపట్టణ మండలమును గూర్చి తరువాత వ్రాసిన దొరలకు ఇదియే ఆదిగ్రంథము. అయినను ఓర్మ్ బొబ్బిలి చూచినవాడు కాడు. కోట కూలిన దినమున ఆయన చెన్నపట్టణమున కుంఫిణీవారి ఆలోచనసభలో సభ్యుడు. 1758లో ఆయన హిందూదేశము విడిచిపోయెను. బొబ్బిలి కథ గల రెండవ సంపుటము 1778లో అచ్చయ్యెను. సంఘటనకును ముద్రణమునకును నడుమ ఇరువదియొక్క సంవత్సరము గడచినది. ప్రాథమికమో ద్వితీయమో యను ప్రశ్నకు ఇచ్చట సూటియైన ఉత్తరము లేదు. ఆయన ఆ కాలపువాడే. సాక్షి మాత్రము కాడు. అంతకన్న ముఖ్యమైన విషయము, ఆయనకు చెప్పినవా రెవరనునది.

ఓర్మ్ ఆంగ్లేయుడు, బుస్సీ ఫ్రెంచివాడు. ఆ రెండు జాతులకు నాడు బద్ధవైరము. కావున ఓర్మ్ వ్రాత ఫ్రెంచివారికి ప్రతికూలముగా నుండునని, పక్షపాతమును గూర్చి నేర్చుకొన్న విద్యార్థి తడుముకొనక చెప్పును. గ్రంథము చూడగా విపరీతము. బుస్సీ ఇందు ఉదారుడు. రంగారావునకు వేఱుచోట సమానమైన భూములిచ్చెదనన్నవాడు. విజయరామరాజు పన్నిన వలలో చిక్కుకొన్నవాడు. సిపాయిల దండొకటి బొబ్బిలి అడవిలో పోవుచుండగా వారిపై దాడి జరిగినదనియు, సుమారు ముప్పదిమంది చచ్చిరనియు, ఆ నెపముతో విజయరామరాజు బుస్సీని రేపెననియు ఓర్మ్ కథనము. తప్పంతయు చచ్చిన రాజుపై పడినది. బ్రదికిన సేనానిపై కన్నీటిచుక్క మాత్రము పడినది. ఇందులకు కారణము ఊహించుట కష్టముకాదు. 1773లో ఓర్మ్ ఫ్రాన్సుదేశమునకు పోయి బుస్సీని కలిసికొనెను. ఆయన ఆతిథ్యమును, చరిత్రకు కావలసిన సమాచారమును పొందెను. ముట్టడించినవాడే ముట్టడి కథకు ఒక సాక్షి యయ్యె నన్నమాట. బుస్సీ చెప్పినదంతయు అబద్ధమని దీని తాత్పర్యము కాదు. ఎవరి తప్పు అను ప్రశ్నలో ఓర్మ్ మాట నిష్పక్షపాతి తీర్పుగా చెల్లదనుటయే. వ్రాసినవాని జాతి నడిగి ఊరకున్న విద్యార్థికి ఈ సంగతి యెన్నటికిని తట్టదు. వానికి చెప్పినవా డెవడని యడిగిననే తట్టును.

ఓర్మ్ చెప్పిన లెక్కలు చూడుడు. ముట్టడించినవారిలో ఐరోపీయులు 750 మంది, అందు ఆశ్వికులు 250, ఫిరంగులు నాలుగు, విజయరామరాజు పక్షమున 11,000 మంది. కోటలోపల ఆయుధము పట్టినవారు 250 మంది; స్త్రీలును బిడ్డలును దాదాపు అందులకు రెట్టింపు. ఈ అంకెలన్నియు ఒకే పుటలో ఒకే స్వరముతో పలుకును; కాని వాని బలము ఒకటి కాదు. తన సోల్జర్లను, ఫిరంగులను లెక్క పెట్టుకొనని సైన్యము లేదు. జీతము లిచ్చుటకైనను ఆ పట్టీ కావలెను. 11,000 అనునది మిత్రుని దండును కంటితో తూచి చెప్పిన మాట. లోపలివారిని లెక్కించినవా రెవ్వరు? లెక్క తెలిసినవారు మంటలలో నుండిరి. ఒకే గ్రంథకర్త, ఒకే వాక్యమున, ఒక అంకెకు నమ్మదగినవాడు, మఱియొక అంకెకు కాడు. మొత్తము గ్రంథమును ఎత్తి ఒక గడిలో పడవేయుట ఎంత అసంగతమో ఇందువలన తెలియగలదు.

విజయరామరాజు వధలో ఇంకొక వింత యున్నది. ఓర్మ్ కథనము ననుసరించి, రంగారావు కూలుట చూచిన నలుగురు భటులు కోటలో దాగి, రాత్రివేళ గోడ దిగి, అడవిలో రెండు దినములు పొంచియుండిరి. అందిద్దఱు శత్రువుల గుడారములలో తమ భాష చేతనే సందేహము కలుగకుండ సాగిపోయి, నిద్రించుచున్న రాజును పొడిచిరి. వారును అచ్చటనే హతులైరి. రాజు దేహమున గాయములు 32. ఈ యంకె చూడగానే తెలుగువాడు నవ్వుకొనవలెను. మహాపురుషుని లక్షణములు 32. విక్రమార్కుని సింహాసనపు సాలభంజికలు 32. నడురేయి గుంపులో, తుపాకులు ప్రేలుచుండగా, ఆ గాయములను ముప్పదిరెంటివఱకు లెక్కించి వ్రాసికొన్నవా డెవడో ఓర్మ్ చెప్పలేదు. ఆ దండులోనో ఆ ఊళ్లలోనో ఎవరో చెప్పుకొన్న కథ, దుబాసీల నోట దాటి, ఆంగ్లగద్యమున చొచ్చినదని తలచుటయే సులభము. ముసలివాడొకడు రంగారావు కుమారుని వెంటబెట్టుకొని లా అను ఫ్రెంచి సేనాని యెదుట నిలిచి పలికిన పలుకులును ఇట్టివే. ఆ ముదుసలి తెలుగున పలికియుండును. లా ఫ్రెంచిలో వినియుండును. చదువరులకు ఆంగ్లము చేరినది. జంగముల పాటను రెండవ గడిలో త్రోసివేసిన బాలుడు, ఆ పాటకు తోబుట్టువైన కథను మొదటి గడిలో ఎఱుగకయే నిలిపియున్నాడు.

పాట సంగతి చూతము. జంగము కథకులు పాడుచు వచ్చిన బొబ్బిలి కథ మూసే బూసీని అంతగా నిందింపదు. ఆయన దివాను హైదరుజంగు లంచము తిని త్రోవ తప్పించెనని చెప్పును. హైదరుజంగు కల్పితపాత్ర కాడు. బుస్సీ కొలువున సర్వాధికారములు నడపినవాడే. 1758లో ఔరంగాబాదున హతుడైనవాడే. లంచము సంగతికి పాట తప్ప వేఱు ఋజువు చూపుట కష్టము. అయినను ఇక్కడ పాటను కొట్టివేయుట తగదు. దొరకును ప్రజలకును నడుమ దుబాసీ యొకడుండి, వానికి చేయి తడుపనిదే విన్నపము పైకి పోని పాలన ఎట్లుండునో, క్రింది నుండి చూచినవారికి తెలిసినంతగా పైనుండువారికి తెలియదు. లంచము ఇంత యను లెక్కకు పాట పనికిరాదు. ఆనాటి జనులు అధికారమును ఎట్టిదిగా ఎఱిగియుండిరో తెలిసికొనుటకు అంతకన్న మంచి సాక్షి లేదు. ఓర్మ్ ఒక వాక్యమున సూచించి విడిచిన సెలయేటి నీటి తగవును పాఠము చెప్పువారు సాధారణముగా దాటిపోదురు. పౌరుషము వినసొంపైనది, కాలువ నీరు కాదు.

అందఱకు ప్రియమైన చిక్కు తాండ్ర పాపయ్యది. ఓర్మ్ గ్రంథమున ఆ పేరు లేదు. చంపినవారు భటులు, కోటలోనుండి వచ్చినవారు. పాటలో పాపయ్య రాజామున నుండెను. వార్త ఆలస్యముగా చేరెను. వచ్చునప్పటికి కోట శ్మశానమై యుండెను. అతడే గుడారమున దూఱి పగ తీర్చుకొనెను. ఈ రెండు కథలును ఏకముగావు. కొందఱు ఉపాధ్యాయులు రెంటిని కలిపి, నలుగురిలో పాపయ్య యొకడని సమాధానపఱతురు. అది సంధి యగును గాని విమర్శనము కాదు. కోటలో దాగినవాడు, రాజామునుండి వచ్చినవాడు ఒక్కడే యగుట యెట్లు? తెలియవలసినది వేఱొకటి. పేరు లేని భటులు చేసిన పనిని కథ ఒక సామంతునికి చేర్చెనా, లేక పేరున్నవానిని దొరల దండులోనివారు పేరులేని భటునిగా మాత్రమే చూచిరా? రెండును సంభవములే. నాయకుడు లేనిదే కథ నిలువదు కావున మొదటిదానికి బలము కలదు. కాని శత్రువర్గపు సేవకుల పేళ్లను ఫ్రెంచి దండులో ఎవరును విచారించియుండరు కావున రెండవదియు కొట్టివేయరానిది. పరీక్షాపత్రమున ‘విజయరామరాజును చంపిన వాడెవడు?’ అని యడిగి ఒక మార్కు వేయుటకంటె, ఈ రెండు కథలను ప్రక్కప్రక్కల నుంచి, ఒప్పుకొనునవి యేవి, ఒప్పుకొననివి యేవి, ఒప్పుకొన్నంతమాత్రమున రెండును వేర్వేఱు మూలముల నుండి వచ్చినవని యనవచ్చునా యని యడుగుట మేలు.

దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము 18వ శతాబ్ది చివరి కాలమున పుట్టినది. ప్రబంధమగుటచే బడిపద్ధతిలో ఇది నేరుగా రెండవ గడికి పోవును. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యములు 2001లో ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ అను గ్రంథమున బొబ్బిలి కథలనన్నిటిని తరచి చూచి, తెలుగువారికి చరిత్రదృష్టి లేదను అపవాదమును గట్టిగా త్రోసిపుచ్చిరి. చరిత్రకు ప్రత్యేకమైన రూపమొకటి యుండనక్కఱలేదనియు, పాటగానో కావ్యముగానో యుండి, చదువు వానికి తన అల్లికచేతనే ఇది చరిత్ర యని అది తెలుపుననియు వారి సిద్ధాంతము. పండితలోకమున కిది గొప్ప ఉపకారము. బడికి మాత్రము నేరుగా దించరాదు. ఆ అల్లికను గుర్తించు చెవి, ఆ పాట వినుచు పెరిగినవారికి గలదు. నేటి తొమ్మిదవ తరగతి బాలుడు జంగము కథ విని యెఱుగడు. 1964లో వెలువడిన ‘బొబ్బిలి యుద్ధం’ చలనచిత్రమో, 1986 నాటి ‘తాండ్ర పాపారాయుడు’ చిత్రమో చూచి యెఱుగును. వాని మనసున రంగారావు ముఖము ఒక నటుని ముఖము. వానికి అల్లికను గూర్చి చెప్పుటకు ముందు, చూచినది ఎన్నవ చేతి కథయో చెప్పవలసియున్నది.

ఆ చేతులు పెక్కు. 1891లో బొబ్బిలి ప్రభువులు యుద్ధస్థలమున స్తంభము నిలిపిరి. 1907లో ఆ వంశపు ప్రభువే తమ జమీందారీ చరిత్రను అచ్చువేయించెను. 1916లో వేదము వేంకటరాయశాస్త్రి నాటకము వెలువడినది. బ్రదికిన బాలుని వంశమునకు 1794లో, పద్మనాభ యుద్ధానంతరము, కుంఫిణీవారి వలన మరల భూములు దక్కినవి. కావుననే స్తంభము నిలుపగలవారు మిగిలిరి. విజయనగరము పక్షపు కథ ఇంత విరివిగా పాడబడలేదు. నేడు రెండు పట్టణములును ఒకే మండలములో నున్నవి. రెండుచోట్ల బాలురు ఒకే పుస్తకము చదువుదురు. ఒకచోటి బాలుడు తన ఊరి రాజు ద్రోహియని చదువుకొని ఇంటికి పోవును. ఆ మాట అనుటకు బలమైన ఆధారము, ఆ రాజుతో కలిసి ముట్టడించినవాని నుండి వచ్చియుండునని వానికి చెప్పువారు లేరు.

వీరమును కీర్తించు పాఠమున ఒక సంగతి మాత్రము ఏ గడిలోను పడదు. దాదాపు 500 మందియని ఓర్మ్ వ్రాసిన ఆ స్త్రీలు, బిడ్డలు ఏమి తలచిరి? చచ్చుటకు వారు ఒప్పుకొనిరా? ఓర్మ్ గ్రంథము బయటినుండి చూచినవారి మాట. కావ్యము కవి మాట. జంగముల పాటలో మల్లమ్మదేవి పలుకును. ఆ పలుకులు పాడువారివి. 1907 నాటి గ్రంథము వంశీయుల మాట. వారు సంతోషముగా ప్రాణము లిచ్చిరని చెప్పుటకు గాని, మొఱపెట్టుకొనిరని చెప్పుటకు గాని సాక్షి యొక్కడును లేడు. ముసలివాడు బాలుని అప్పగించుచు, తండ్రి యాజ్ఞకు విరుద్ధముగా వీనిని కాపాడితినని పలికెనని ఓర్మ్ వ్రాసెను. ఆ మాట నిజమైనచో, కోటలోపల ఒక్కడైనను ఆ యాజ్ఞను ధిక్కరించెను. ఆ ముసలివాని పేరును ఓర్మ్ వ్రాయలేదు.