ల్యాప్‌టాప్ తెరలు: పేర్లు, కొలతలు

ల్యాప్‌టాప్ కొనబోవువారికి మొదట కనబడునవి హెచ్.డి., ఫుల్ హెచ్.డి., క్యు.హెచ్.డి., 4కె అను పేర్లు. ఇవి శాస్త్రీయమైన కొలతలవలె వినబడును. పరిశీలించినచో వీటియందు కొలత కొంత, ప్రకటన కొంత కలసియున్నవని తేలును.

తెరమీది బొమ్మ పిక్సెళ్లు అను చిన్న చుక్కల కూర్పు. ఒక అడ్డు వరుసలోని చుక్కలను వరుసల సంఖ్యతో గుణించిన మొత్తము చుక్కలు వచ్చును. హెచ్.డి. అనగా వరుసకు 1280 చుక్కలు, 720 వరుసలు, మొత్తము 9,21,600. ఫుల్ హెచ్.డి. అనగా 1920 చుక్కలు, 1080 వరుసలు, మొత్తము 20,73,600. "ఫుల్" అను ఒక్క మాటతో చుక్కలు రెండు రెట్లకు మించినవి. ఇక హెచ్.డి. అను చీటీతో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి ఉన్నవి 1366 చుక్కలు, 768 వరుసలు. ఒకే పేరు రెండు కొలతలకు చెల్లుచున్నదన్నమాట.

రెండవ లోపము లెక్కించు దిక్కు మారుట. 720, 1080 అనునవి వరుసల సంఖ్యలు. 4కె యందలి నాలుగు వేలు వరుసలు కావు, ఒక్కొక్క వరుసలోని చుక్కలు. 2005 నాటి డిజిటల్ సినిమా ప్రమాణములో అవి 4096. ల్యాప్‌టాప్‌లో 3840 మాత్రమే. 1080 నుండి 4కె కు పోయినప్పుడు వరుసలు 2160 అగును, అనగా రెట్టింపు మాత్రమే.

మూడవది మరింత విచిత్రము. ఇంగ్లీషులో పెద్ద క్యు వ్రాసినచో హెచ్.డి.కి నాలుగు రెట్లు, 36,86,400 చుక్కలు. చిన్న క్యు వ్రాసినచో ఫుల్ హెచ్.డి.లో నాలుగవ వంతు, 5,18,400 చుక్కలు. తేడా ఏడు రెట్లు! పెద్ద, చిన్న అక్షరముల భేదము లేని తెలుగులో రెండును క్యు.హెచ్.డి.యే.

అన్నిటికంటె పెద్ద లోపము, ఈ పేర్లు తెర పరిమాణమును చెప్పకపోవుట. స్పష్టత అంగుళమునకు గల చుక్కలనుబట్టి యుండును. 15.6 అంగుళముల తెరపై 1366 రకమునకు అంగుళమునకు సుమారు 100, ఫుల్ హెచ్.డి.కి 141, 4కె కు 282 చుక్కలు. అదే ఫుల్ హెచ్.డి. 24 అంగుళముల తెరపై 92 మాత్రమే! ఫుల్ అనిపించుకొన్న పెద్ద తెర, హెచ్.డి. చీటీగల చిన్న తెరకంటె ముతకయన్నమాట.

సాధారణ దృష్టిగల కన్ను 50 సెంటీమీటర్ల దూరమున సుమారు 0.15 మిల్లీమీటరు ఎడముగల చుక్కలను వేరుచేసి చూడగలదు. 15.6 అంగుళముల తెరపై ఫుల్ హెచ్.డి. చుక్క 0.18 మిల్లీమీటరు, దాదాపు కంటి హద్దు. 4కె చుక్క 0.09, ఆ సూక్ష్మతను కన్ను పూర్తిగా అందుకొనలేదు, బ్యాటరీ వ్యయము మాత్రము పెరుగును. 1366 రకపు చుక్క 0.25. చిన్న అక్షరములలో ద, ధల భేదము, క్రింది వత్తులు దానిపై మసకబారును. గంటలకొలది తెలుగు పాఠములు చదువు విద్యార్థికి ఇది చిన్న విషయము కాదు.

పేర్లు బొత్తిగా నిరుపయోగములని కాదు. ఏ వీడియో ఏ తెరకు సరిపోవునో చూచాయగా తెలుపును. కొనుటకు మాత్రము అవి చాలవు. వరుసకు చుక్కలెన్ని, వరుసలెన్ని, కర్ణము ఎన్ని అంగుళములు అను మూడు సంఖ్యలు అడుగవలెను. మొదటి రెండింటి వర్గముల మొత్తమునకు వర్గమూలము కట్టి, కర్ణముతో భాగించిన అంగుళమునకు గల చుక్కలు తెలియును. పైథాగరసు సిద్ధాంతము నేర్చిన తరగతికి ఇది చక్కని లెక్క; డబ్బు చెల్లించుటకు ముందే చేయదగినది.