తలుపు తట్టే రాజకీయం

మా క్యాంపస్‌లో ఎన్నికలొచ్చాయంటే ముందు ఖాళీ అయ్యేది స్టేషనరీ షాపు. చార్టులు, పోస్టర్ కలర్లు, వెడల్పాటి బ్రష్షులు సాయంత్రానికి దొరకవు. కారణం లింగ్డో కమిటీ. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో 2006లో ఇచ్చిన నివేదికను అమలు చేయమని సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆదేశించింది. దాని ప్రకారం విద్యార్థి సంఘం ఎన్నికల్లో అభ్యర్థి 5,000 రూపాయలు దాటి ఖర్చు పెట్టకూడదు. అచ్చు వేసిన పోస్టర్లు, కరపత్రాలు పనికిరావు. చేత్తో రాసిందే గోడెక్కాలి. వార్డు మెంబరు పుట్టినరోజుకే నిలువెత్తు ఫ్లెక్సీ లేచే ఊరి నుంచి వచ్చినదాన్ని కాబట్టి మొదట్లో నాకిది వింతగా తోచింది. తీరా చూస్తే, రాజకీయాల్లో నాకో పని దొరికింది ఈ నిబంధన పుణ్యానే. ఉపన్యాసం ఇవ్వడం చేతకాదు, నినాదం ఎత్తుకోవడమూ రాదు. అక్షరాలు మాత్రం రాస్తాను.

తెలుగులో పోస్టరు రాయడం ఓపికతో కూడిన పని. ఇంగ్లీషు అక్షరాలు గీసిన గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. మన దగ్గర గుడి పైకి లేస్తుంది, వత్తు కిందికి జారుతుంది. ‘ప్రజాస్వామ్యం’ అని రాస్తే దాని కింద మరో వరస పట్టేంత చోటు వదలాలి. వదలకపోతే పై వత్తు కింది తలకట్టును తాకి, పది అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు మరకలా కనిపిస్తుంది. అందుకే పెన్సిలుతో వత్తులకు విడిగా ఒక గీత కొట్టుకుంటాను. పోస్టరుకు నాలుగైదు మాటలే. మెస్‌కు వెళ్తూ వెళ్తూ ఎవరైనా చదివేది అంతే. ‘విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి కట్టుబడి ఉన్నాం’ అని రాసుకొస్తే చీటీ వెనక్కిచ్చేస్తాను. ‘రీడింగ్ రూమ్ రాత్రంతా తెరవాలి’ అంటే వెంటనే బ్రష్ తీస్తాను. చార్టు మీద చోటు తక్కువ, రంగు ఖరీదు ఎక్కువ. డొల్ల మాటలు వాటంతటవే రాలిపోతాయి.

పోస్టర్ల తర్వాత క్యాన్వాసింగ్. రాత్రి భోజనాలయ్యాక గదిగదికీ తిరగాలి. అమ్మాయిల హాస్టల్లోకి అబ్బాయిలు రాలేరు కాబట్టి అక్కడ ప్యానెల్లోని అమ్మాయిలదే భారం. తోడుగా నేనూ వెళ్లాను. మూడో అంతస్తులో పీహెచ్‌డీ చేసే అక్క ఒకావిడ తలుపు తీసింది. చేతిలో బకెట్టు, భుజం మీద టవలు.

“నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఏళ్ల తరబడి అంతే. మీరొచ్చి పెంచుతారా?”

మా అభ్యర్థి ఊపిరి పీల్చుకుని ప్రసంగం మొదలుపెట్టబోయింది. అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “అది యూజీసీ చేతిలో ఉంది తల్లీ, నీ చేతిలో లేదు. నీ చేతిలో ఉన్నది చెప్పు. ఈ ఫ్లోర్ గీజర్ ఎవరు బాగు చేయిస్తారు?”

మా అమ్మాయి నోట్‌బుక్ తీసి ‘గీజర్, మూడో ఫ్లోర్’ అని రాసుకుంది. ప్రెసిడెంటుగా గెలిచింది కూడా. గీజర్ బాగయ్యేసరికి దసరా దాటింది. ఈలోగా మెస్‌లో, బస్టాప్‌లో, జిరాక్స్ షాపు దగ్గర ఎక్కడ ఎదురుపడినా అక్క ఒకటే అడిగేది: “ఏమైందమ్మా గీజరు?” మా ప్రెసిడెంటు అక్కను చూసి దారి మార్చుకున్న రోజులూ ఉన్నాయి. చివరికి ఇంజినీరింగ్ సెక్షన్‌లో కూర్చుని పని చేయించుకునే లేచింది. విద్యార్థి రాజకీయం అంటే నాకు అర్థమైనది ఇదే. ఓటడగడానికి తలుపు తట్టినవాళ్లను ఏడాది పొడుగునా నిలదీయొచ్చు.

డిగ్రీ చదివిన జిల్లా కాలేజీలో నాకిది తెలియదు. అక్కడ ఎన్నికలే లేవు. క్లాసు ప్రతినిధి (సీఆర్) పేరును మార్కులు చూసి సారే చదివేవారు. హాస్టల్లో నీళ్లు రాకపోతే వార్డెన్‌ను అడగాలి. వార్డెన్ ప్రిన్సిపాల్‌ను చూపించేది, ప్రిన్సిపాల్ కాంట్రాక్టరును చూపించేవారు. ఆ కాంట్రాక్టరును మేమెవరమూ ఎన్నడూ చూడలేదు. అలాగని రాజకీయం లేదా అంటే, కావలసినంత ఉంది. బంద్ రోజున కండువాలు వేసుకుని నాయకులొచ్చి క్లాసులు వదిలేయమనేవారు. వాళ్లను మేం ఎన్నుకోలేదు, పైనున్న పార్టీ వేసింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద గట్టిగానే అరిచేవారు, అది అరవాల్సిన విషయమే. మా నీళ్ల సంగతి మాత్రం వాళ్ల జాబితాలో ఉండేది కాదు. వాళ్లకు మా ఓటుతో పని లేదు మరి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కాలేజీ ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. దాదాపు అదే కాలంలో, 1989 మార్చి నుంచి, 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 21 నుంచి 18కి దించింది. ప్రధానమంత్రి ఎవరో తేల్చే హక్కు చేతికొచ్చిన వయసులోనే, హాస్టల్ సమస్య ఎవరు మాట్లాడాలో తేల్చుకునే హక్కు పోయింది.

“చదువుకోమని పంపామా, జెండాలు మొయ్యమని పంపామా?” అని మా నాన్న అంటారు. ఆయన భయం ఉత్తిది కాదు. భౌతికశాస్త్రంలో బంగారు పతకం తెచ్చుకున్న విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లోనే చంపేశారు. ఎన్నికలు ఆపడానికి చెప్పిన కారణమూ గొడవలే. ఎన్నికలున్న చోట అంతా శుద్ధమని నేనూ అనను. మా ప్యానెల్ మీటింగుల్లోనే ఏ బ్లాకులో ఏ రాష్ట్రం వాళ్లెందరు, ఏ కులం వాళ్లెందరు అనే లెక్కలు విన్నాను, విని లేచి వచ్చేశాను. అయితే ఎన్నికలు లేని కాలేజీల్లో కులం పోయిందా, పార్టీలు పోయాయా? అడిగేవాళ్లకు జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్కరే పోయారు.

గొడవలకు మందు లింగ్డో నివేదికలోనే ఉంది. పోటీ చేసేవారికి 75 శాతం హాజరుండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు, నేరచరిత్ర ఉండకూడదు. పీజీలో 25 ఏళ్లు, పరిశోధనలో 28 ఏళ్లు దాటితే పోటీకి వీల్లేదు. నామినేషన్ నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో ముగించాలి. దాదాగిరి చేసేవాళ్లను ఆపడానికి ఈ షరతులు చాలు, అమలు చేసే మనసుంటే. పైగా విద్యార్థి రాజకీయం ఇచ్చింది గొడవలొక్కటే కాదు. ఉపరాష్ట్రపతి దాకా వెళ్లిన వెంకయ్యనాయుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘం నుంచే ఎదిగారు. తెలంగాణ ఉద్యమాన్ని 1969లోనూ 2009లోనూ భుజాన వేసుకున్నది ఉస్మానియా విద్యార్థులే. వాళ్ల త్యాగాల గురించి సభల్లో మాట్లాడే పెద్దలు వాళ్ల తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఓటు పెట్టె ఇవ్వడానికి మాత్రం వెనకాడుతున్నారు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వచ్చే విద్యా సంవత్సరం నుంచే కాలేజీ ఎన్నికలు జరపాలి. తల్లిదండ్రులకూ ఒక మనవి. ఈసారి పిల్లలు సెలవులకు ఇంటికొస్తే, మార్కులతో పాటు ఇంకో ప్రశ్న అడగండి: “మీ హాస్టల్లో నీళ్లు రాకపోతే మీ తరఫున మాట్లాడేదెవరు?” పిల్లలు చెప్పడానికి ఒక పేరు లేకపోతే, ఆ కాలేజీకి ఎన్నికలు కావాలి.